భ్రమరాంబ నొక్కిన ‘సరే’

పరాంకుశాచార్యులుగారి దగ్గర చదువుకునేవాళ్లు ఆయన్ని ప్రశ్న అడిగే ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించుకునేవారు. ఆయన కోప్పడతారని కాదు. జవాబుకి బదులు అడిగినవాడికి ఏదో ఒక పని అప్పజెప్పడం ఆయన అలవాటు. ఓర్పు అంటే ఏమిటని అడిగిన ఒకాయన్ని మూడు రోజులపాటు ఆస్పత్రిలో ఓ రోగి పక్కన కూర్చోబెట్టారని చెప్పుకుంటారు.

వారాసిగూడలో ఆయన మేడమీద ఆదివారం ఉదయాల్లో జరిగే వేదాంత పాఠానికి మురహరి ఆరేళ్లుగా వస్తున్నాడు. తీగలు లేకుండా ఇంట్లో పాటలు వినిపించే స్పీకర్లు తయారుచేసే కంపెనీలో అతను ఇంజనీరు. ఆ నెల మొదట్లో కంపెనీ తన పాత స్పీకర్లకు సాఫ్ట్‌వేర్ సాయం ఆపేసింది. అది లేకపోతే అవి పలకవు. ఆపాలని నిర్ణయించినవాళ్లు అతనికి పైవాళ్లు. కానీ ఆపే పని చేయించిందీ, కొన్నవాళ్ల ఫోన్లకు వెళ్లిన నాలుగు వాక్యాల ఉత్తరం రాసిందీ మురహరే.

ఆ ఆదివారం పాఠానికి ముందే వచ్చి అడిగాడు.

“ఏ వస్తువుకైనా ఆయుర్దాయం అంటూ ఒకటుంటుంది కదండీ. లోపలి చిప్పు పాతబడిపోయింది. కొత్త ప్రోగ్రాము దాన్లో పట్టదు. ఎప్పటికో ఒకప్పటికి ఆపక తప్పదు. తప్పనిసరి పని చేసినవాడికి దోషం అంటుతుందా?”

అతను జవాబు కూడా వెంట తెచ్చుకున్నాడని ఆ అడగడంలోనే తెలుస్తోంది. ఆచార్యులుగారు కిటికీలోంచి వెనకవీధి వైపు చూశారు.

“పిండిమర పక్కింట్లో, కింది వాటాలో శేషగిరి అని ఉన్నాడు. ఆర్టీసీలో కండక్టరుగా చేసేవాడు. వాళ్లింట్లో పాటల పెట్టెలు పలకడం లేదట. నీకు తెలిసిన పనేగా, ఓసారి చూసిరా.”

తలుపు తీసిన భ్రమరాంబకి యాభై దాటి ఉంటాయి. మెడలో కొలతల టేపు వేలాడుతోంది. ఆచార్యులుగారు పంపారనగానే ఆవిడ ముఖం విప్పారింది. ముందుగదిలో అలమరా మీద ఉన్న పెట్టెని మురహరి గడపలోంచే గుర్తుపట్టాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ మోడలు మీదే రెండేళ్లు పనిచేశాడు. కిటికీ పక్క కుర్చీలో శేషగిరి కూర్చుని ఉన్నాడు. వచ్చిందెవరని అతను తల తిప్పిన తీరులోనే అతనికి చూపు లేదని అర్థమైంది.

ఆవిడ మురహరిని వంటింట్లోకి తీసుకెళ్లి గొంతు తగ్గించింది.

“మా వారికి షుగరు వల్ల చూపు పోయి నాలుగేళ్లయింది బాబూ. ఈ పెట్టెలు మూడూ అంతకుముందే ముచ్చటపడి కొనుక్కున్నారు. పొద్దున్నే నేను ఫోన్లో పాట పెట్టానంటే మూడు గదుల్లోనూ ఒకటే పాట మోగేది. ఏది దగ్గరగా వినిపిస్తోందో, ఏది దూరంగా వినిపిస్తోందో చూసుకుని ఇల్లంతా తిరిగేవారు. నా చెయ్యి అక్కర్లేకుండా వచ్చి మంచినీళ్లు ముంచుకు తాగేవారు. ఇప్పుడు లేస్తే దేనికో ఒకదానికి కొట్టుకుంటున్నారు. అందుకని లేవడమే మానేశారు.”

“ఎప్పట్నుంచమ్మా పలకడం లేదు?”

“నేను పాడుచేసినప్పట్నుంచి.” ఆవిడ టేపు కొసని వేలికి చుట్టుకుంది. “ఫోన్లో ఏదో వచ్చింది. జాకెట్టు కుడుతూ కుడుతూ, చదవకుండా ‘సరే’ అని నొక్కేశాను. అంతే, మూడూ మూగబోయాయి. తర్వాత చదివితే ‘మీ పరికరాలకు సేవలు నిలిచిపోయాయి’ అని ఉంది. నేను నొక్కబట్టే కదా నిలిచిపోయాయి?”

ఆ వాక్యం మురహరికి కంఠతా వచ్చు. మొదట అతను ‘మేము సేవలు నిలిపివేస్తున్నాం’ అనే రాశాడు. ‘మేము’ అంటే జనం ఆఫీసుకి ఫోన్లు చేస్తారనిపించి, దాన్ని కొట్టేసి ‘నిలిచిపోయాయి’ అని మార్చాడు. మెత్తగా ఉందని పైవాళ్లు మెచ్చుకున్నారు కూడా.

ముందుగదిలోంచి శేషగిరి గొంతు వినిపించింది. “మెకానిక్కుతో గుసగుసలెందుకు? ‘ఆయన కళ్లు రెండోసారి నేనే పోగొట్టాను’ అని గట్టిగానే చెప్పు.”

“ఆయన అన్నదాంట్లో తప్పేముంది బాబూ,” అంది భ్రమరాంబ. “మూడు వారాలైంది నాతో సరిగ్గా మాట్లాడి.”

అప్పుడు మురహరి చెప్పవలసింది ఒక్క మాట. అది నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ అతను పెట్టెని తిరగేసి చూశాడు. ప్లగ్గు పీకి మళ్లీ పెట్టాడు.

“పాతదైపోయిందమ్మా. ఇక రాదు.”

“నేను అది నొక్కకపోయుంటే వచ్చేదా?”

“చెప్పలేమమ్మా,” అన్నాడు మురహరి.

ఆవిడ తలూపి, ఎండన పడి వచ్చారంటూ గ్లాసుడు మజ్జిగ ఇచ్చింది. అతను తాగాడు.

తిరిగొచ్చి జరిగిందంతా ఆచార్యులుగారికి చెప్పాడు. దాచాలని అనుకున్నదాన్ని కూడా దాచలేకపోయాడు. ఆయన చివరిదాకా విని, “చెప్పలేమమ్మా అన్నావా?” అని మాత్రం అడిగారు. “అన్నానండి,” అన్నాడు. ఆయన పాఠం మొదలుపెట్టారు.

ఆ రోజు పాఠంలో ఒక్క ముక్కా మురహరి చెవికెక్కలేదు. మజ్జిగ రుచి నోట్లోంచి పోలేదు. అందరూ లేచి వెళ్లాక మెట్లు దిగి, బండి తియ్యబోయి, దాన్ని అక్కడే వదిలేసి వెనకవీధికి నడిచాడు.

ఈసారి వంటింట్లోకి వెళ్లలేదు. శేషగిరి కుర్చీ ఎదురుగా నిలబడ్డాడు. గది మూల భ్రమరాంబ మిషను తొక్కుతోంది.

“నేను మెకానిక్కుని కాదండి. ఆ కంపెనీలోనే ఇంజనీరుని. మీ పెట్టెల్ని ఆపింది మేము. అమ్మగారు సరే అన్నా, వద్దన్నా, అసలు ఫోను ముట్టుకోకపోయినా ఆ రోజుకి అవి ఆగిపోయేవే. ఆ ఉత్తరం రాసింది నేను. ఇందాక ఆవిడ అడిగితే చెప్పలేమన్నాను. అది అబద్ధం.”

మిషను ఆగింది. తిడతాడని మురహరి ఎదురుచూశాడు. తిడితే బాగుండుననిపించింది. శేషగిరి మాత్రం ఇతని వైపు తిరగనే లేదు. అటూ ఇటూ చెవి పెట్టి వెతికాడు.

“భ్రమరా, ఎక్కడున్నావు?”

“ఇక్కడే ఉన్నా.”

“ఏదైనా మాట్లాడుతూ ఉండు,” అంటూ కుర్చీ చేతులు పట్టుకుని లేచాడు.

ఆవిడ ముందున్న కాగితం తీసుకుని, ఎవరిదో జాకెట్టు కొలతలు చదవడం మొదలుపెట్టింది. ఛాతీ ముప్పై ఆరు, భుజం పద్నాలుగు, చెయ్యి పొడవు తొమ్మిది. ఆ అంకెల్ని పట్టుకుని శేషగిరి ఒక్కొక్క అడుగూ వేస్తూ ఆవిడ వైపు వెళ్లాడు. చూస్తూ నిలబడే అర్హత తనకి లేదనిపించి మురహరి చెప్పులు వేసుకుని బయటికొచ్చాడు. ఆ ఇంట్లో ఎవరూ అతన్ని ఒక్క మాట అనలేదు. ఉండమనీ అనలేదు.

మరుసటి ఆదివారం పొద్దున్నే చిన్న రేడియోలు మూడు తీసుకెళ్లి, మూడింటికీ ఒకే స్టేషను పెట్టి, మూడు గదుల్లో అమర్చాడు. శేషగిరి తలుపుకి ఒకసారి కొట్టుకున్నా వంటింటిదాకా తనంతట తనే వెళ్లాడు. మళ్లీ వెనక్కి కూడా వచ్చాడు. భ్రమరాంబ పక్కనే నడిచింది గానీ చెయ్యి పట్టుకోలేదు.

అక్కణ్ణుంచి మురహరి తిన్నగా మేడమీదికి వచ్చాడు. వారం రోజుల తర్వాత మొదటిసారి అతని ముఖం తేటగా ఉంది.

“ఆచార్యులుగారూ, వాళ్లకి నిజం చెప్పేశానండి. ఆవిడ తప్పేమీ లేదని ఆయనకి తెలిసింది. రేడియోలు కూడా పెట్టి వచ్చాను. ఇల్లు మళ్లీ మోగుతోంది.”

“మంచి పని చేశావు,” అన్నారు ఆచార్యులుగారు. కళ్లజోడు పంచె కొంగుతో తుడుచుకుని పెట్టుకున్నారు.

“ఆ ఉత్తరం ఎన్ని ఇళ్లకి వెళ్లింది, మురహరీ?”