తల మారిన భామ

హైమావతి తల తీసేశారు.

తీసింది కంప్యూటర్లోనే. అయినా ఫోన్లో ఆ మాట వినగానే ఆమె చెయ్యి దానంతటదే మెడ మీదికి పోయింది.

"అతుకు అస్సలు కనపడదు మేడమ్," అంది షాహీన్. హైదరాబాదులో కంప్యూటర్ బొమ్మలు చేసే స్టూడియోలో ఆ అమ్మాయి పెద్ద పనిమంతురాలు. మంచి పిల్ల. చెప్పలేక చెప్పలేక చెప్పింది. "డబ్బు పెట్టేవాళ్ళు చిన్న వయసు ముఖం కావాలన్నారు. ఒళ్ళంతా మీదే. లోపల ఎముకలూ మీవే. పైన తల ఒక్కటే వేరే."

"ఒక్కటే కదూ," అంది హైమావతి.

ఎండాకాలంలో ఆమెకు నల్లటి బిగుతు బట్టలు తొడిగి, కదలికలు పట్టుకోవడానికి ఒళ్ళంతా తెల్లటి గుండీలు అంటించి, చుట్టూ కెమెరాలు పెట్టి సత్యభామ ఆడించారు. అప్పటికే మోకాళ్ళు అరిగిపోయి ఉన్నాయి. పళ్ళు బిగబట్టి ఆడింది. ఆ తర్వాత డాక్టరు ఇక గజ్జె ముట్టుకోవద్దన్నాడు. ముట్టుకోలేదు. పోనీలే, నా భామ ఆ కంప్యూటర్లో ఉంటుంది, రేపు నా కూతురు దాని పిల్లలకు చూపించుకుంటుంది, అని మనసు సరిపెట్టుకుంది.

ఇప్పుడు చూపించుకోవడానికి ఏముంది?

"ఇంకో మాట మేడమ్," షాహీన్ నసిగింది. "తల అతికింది గానీ బతకలేదు. మీ ఒళ్ళు ఇటు తిరిగితే ఆ తల కుండ బోర్లించినట్టు అలాగే ఉంటోంది. మీరొక్క పూట వచ్చి, కుర్చీలో కూచునే, మెడా కళ్ళూ ఇస్తే..."

"నా తల తీసేసి, పెట్టిన తలను నన్నే తిప్పమంటావా?"

ఫోన్ పెట్టేసింది. అన్నం తినలేదు. వెళ్తే తన తల తానే కోసిచ్చినట్టు. వెళ్ళకపోతే తన ఆఖరి ఆట అలా మొద్దులా మిగిలిపోతుంది. ఎటూ తోచక పొద్దున్నే కూచిపూడి బస్సెక్కింది.

సుందరేశం మాస్టారికి ఎనభై దాటాయి. మగవాళ్ళే ఆడవేషం కట్టే రోజుల్లో ఊరూరా సత్యభామగా తిరిగిన మనిషి. హైమావతి ఏడేళ్ళ పిల్లప్పుడు మొదటి అడుగు వేయించింది ఆయనే.

"రావే రా. నొప్పిగా ఉందా?" అన్నారు ఆమెను చూడగానే.

"మోకాళ్ళు పర్లేదు మాస్టారూ."

"మోకాళ్ళ సంగతి నేనడగలేదు."

హైమావతి గడప దగ్గరే కూలబడి అంతా చెప్పేసింది. మాస్టారి భార్య కామేశ్వరమ్మగారు మజ్జిగ గ్లాసు తెచ్చి చేతిలో పెట్టారు.

"దీనికే ఇంత ఏడుపా తల్లీ? ఈయన భామ కట్టే రోజుల్లో నా తల ఎవరికి కనపడింది? పెళ్ళిపీటల మీద నాకంటే ఈయనకే జడ పొడుగు. మా మేనత్తలు నన్నొదిలేసి ఆ జడే పట్టుకు చూశారు."

"సొంత జుట్టే మరి," అన్నారు మాస్టారు, కొంచెం గర్వంగానే. "ఏదీ, ఆ బొమ్మను చూపించు."

హైమావతి సంచిలోంచి ట్యాబ్ తీసి, షాహీన్ పంపిన వీడియో పెట్టి, పీట మీద గోడకానించింది. భామ ఆడటం మొదలుపెట్టింది. హైమావతి నడుము, హైమావతి చేతులు. పైన ఇరవయ్యేళ్ళ పిల్ల తల, చక్కగా, నున్నగా, ఎటూ చూడకుండా.

మాస్టారు ముందుకు వంగి చూశారు.

"పిల్ల బావుంది," అన్నారు.

హైమావతి మజ్జిగ గ్లాసు కింద పెట్టేసింది.

మాస్టారు భుజం మీది కండువా తీశారు. ఒక కొస భార్యకు, ఒక కొస శిష్యురాలికి ఇచ్చారు. "తెర పట్టండి."

భామ రంగానికి వచ్చేటప్పుడు అదే ఆచారం. ఇద్దరు మనుషులు అడ్డంగా తెర పడతారు. తెర మీదుగా జడ పడుతుంది, తెర కింద పాదాలు ఆడతాయి. ముఖం ఆ తర్వాతెప్పుడో. హైమావతి ఎన్నోసార్లు ఆ తెర వెనక నిలబడింది. పట్టుకోవడం ఇదే మొదలు.

"ఇంకా దించండి. ఇంకా. ఆఁ, చాలు."

ఇప్పుడు బొమ్మకు తల లేదు, నడుము లేదు. మోకాళ్ళ కిందకి మాత్రమే ఉంది. మాస్టారు చేతికర్రతో గచ్చు మీద తాళం వేస్తూ, పళ్ళు లేని నోటితో జతులు అందుకున్నారు. కామేశ్వరమ్మగారు కొస పట్టుకునే తల ఊపుతున్నారు.

ఉన్నట్టుండి కర్ర ఆగింది.

మాస్టారు గోడ పట్టుకుని లేచారు. రెండడుగులు వేసి, నడుం వంచి, ఆ పీట ముందు నేలను తాకి, చేతులు కళ్ళకద్దుకున్నారు.

హైమావతి హడలిపోయి కండువా వదిలేసింది. "అయ్యో మాస్టారూ! మీరు నాకు దణ్ణం పెట్టడమేంటి?"

"నీకెందుకు పెడతానే? మా మాస్టారికి."

ఆమెకు అర్థం కాలేదు. ఆయన వేలితో బొమ్మ కుడిపాదం చూపించారు. "చూడు. అడుగు పూర్తయ్యాక మడమ ఒక్క పిసరు వెనకబడి దిగుతుంది. ఇదిగో... ఇప్పుడు. చూశావా?"

"అది నాది మాస్టారూ," అంది హైమావతి. ఇదొక్కటన్నా దక్కించుకోవాలనిపించింది. "హైమావతి మడమ అని పేపర్లో రాశారు. నాలా ఇంకెవరూ వెయ్యలేరన్నారు."

"నాకూ రాశారు. ఏలూరులో శాలువా కప్పారు దానికి."

"మరి?"

"మా మాస్టారిని చిన్నప్పుడు ఎద్దు తొక్కింది. ఆ పాదమే. మడమ ఆనాలంటే కొంచెం తటపటాయించేవారు. అది కుంటని నాకేం తెలుసు? నాట్యమనుకున్నాను. ఏళ్ళ తరబడి అద్దం ముందు నిలబడి సాధించాను." ఆయన నవ్వారు. "పోయే ముందు పక్కన కూచోబెట్టుకుని చెప్పారు. ఒరేయ్ సుందరం, నీకు అన్నీ ఇచ్చాను, నా కుంటు కూడా ఇచ్చేశాను, ఏమనుకోకు, అని."

కామేశ్వరమ్మగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. నవ్వో, ఏడుపో.

హైమావతి తన కుడి మడమ చేత్తో తడుముకుంది. ఇన్నాళ్ళూ పాలుపోసి పెంచుకున్న గర్వం వేరెవరిదో అని తేలింది.

"నాకు ఒక్కసారైనా చెప్పలేదేం?"

"చెప్తే దిద్దుకునేదానివి."

వీధిలో ఉల్లిపాయలవాడు కేక వేసుకుంటూ వెళ్ళాడు. కామేశ్వరమ్మగారు కింద పడ్డ కండువా తీసి, దులిపి, మాస్టారి భుజం మీద వేశారు. పీట మీద భామ ఇంకా ఆడుతూనే ఉంది. తెర లేదు. ఒళ్ళంతా శివమెత్తినట్టు తిరుగుతుంటే పైన ఆ పిల్ల ముఖం ఒక్కటే, కొత్త ఊళ్ళో దిగి దారి తెలియనిదానిలా, తిన్నగా చూస్తోంది.

హైమావతి మొదటిసారి ఆ ముఖం వైపు చూసింది. నిన్నటినుంచి తన ముఖం లేకపోవడాన్నే చూసింది గానీ, ఉన్న ముఖాన్ని చూడలేదు.

"మాస్టారూ, నేను వెళ్ళనా? మాననా?"

మాస్టారు కర్ర పక్కన పెట్టి మళ్ళీ కూచున్నారు. ఆయాసం తగ్గేదాకా ఆగారు.

"ఆ పాదం మీద అది నాలుగో తల, హైమా," అన్నారు.

హైమావతి పీట దగ్గరికి జరిగి, నొప్పి మోకాలు మెల్లగా చాపుకుని, నడుం నిటారుగా పెట్టి కూచుంది.

"గడ్డం కొంచెం దించు తల్లీ," అంది ఆ పిల్లతో. "ఆఁ. ఇప్పుడు నన్ను చూడు."