పోనీ నాయనా

ఓబులేసుకు ఏడుపొక్కటే తక్కువ. నిన్నటినుంచి తొట్టిలో కర్రపెట్టి కలుపుతూనే ఉన్నాడు. అద్దకం నీళ్లు ఎర్రగానే ఉన్నాయి.

వాళ్లది నూలుకు రంగులద్దే ఇల్లు. ఆ నీళ్లు వాగులో కలిసి పొలాలకు పారుతున్నాయని ఊరికి కోపం. శుభ్రం చేస్తావా, షెడ్డు మూస్తావా అన్నారు. సాయంత్రం చూడటానికి వస్తున్నారు.

కాలేజీలో దస్తగిరి సారు దగ్గర ఓబులేసు ఒక ఉపాయం నేర్చాడు. ఫ్యాక్టరీలో పనిచేసి పనిచేసి, సత్తువ తగ్గిందని పారేసిన ఉత్ప్రేరకాన్ని తెచ్చి, కాల్చి, మెత్తగా నూరి రంగునీళ్లలో కలపాలి. సారు గదిలో, కిటికీ పక్క బల్లమీద, తన చేత్తోనే చేశాడు. నీళ్లు తేటపడ్డాయి. ఇక్కడా తూకం తప్పలేదు, కాల్చడం తప్పలేదు. మరేమైనట్టు?

వాగు కింద వంకాయలు పండించే మల్లక్క తొట్టిలోకి తొంగిచూసింది. "ఏమిరా సైంటిస్టూ, ఈ తూరి నా తెల్ల వంకాయలు ఎర్రగా కాస్తాయేమో! పెండ్లి కూరకు బాగుంటాయిలే."

కబురందుకుని దస్తగిరి సారు వచ్చాడు.

"ఇది చచ్చిన పొడి సార్," అన్నాడు ఓబులేసు. "సత్తువుంటే ఫ్యాక్టరీవాళ్లు పారేస్తారా?"

సారు తలెత్తి షెడ్డు కప్పు చూశాడు. తొట్టిలోంచి బేసిన్‌తో నీళ్లు ముంచుకుని, రెండు చేతులా పట్టుకుని వాకిట్లోకి నడిచాడు.

ఓబులేసు వెనకాలే పరిగెత్తాడు. "ఎండలో పెట్టొద్దు సార్! రంగు పోతాది!"

అని, అక్కడే నిలబడిపోయాడు.

పుట్టినప్పటినుంచి ఆ ఇంట్లో వింటున్న మాట అది. అద్దిన నూలు నీడలోనే ఆరాలి. పొడికి వెలుతురు కావాలని పాఠంలో చదివాడు. అయినా చేతులు తొట్టిని నీడలోనే కట్టాయి.

"పోనీ," అన్నాడు సారు, బేసిన్ దించుతూ.

ఓబులేసు ఎండలో కూర్చుని కలిపాడు. ఎరుపు గులాబీ అయింది. గులాబీ పలచబడింది.

పొద్దు వాలేవేళకు ఊరు వచ్చింది. పొడి అడుక్కి దిగాక, మల్లక్క పైతేటను ఒక పింగాణీ గిన్నెలోకి వంచింది. గిన్నె అడుగున ఉన్న పువ్వుబొమ్మ రెక్కరెక్కా కనబడింది. ఒకరి భుజం మీదుగా ఒకరు వంగి చూశారు.

"షెడ్డు ఉండనీండి," అంది మల్లక్క. "కానీ తొట్టెడు నీళ్లూ ఇట్లే కావాల."

అప్పటికే ఓబులేసు షెడ్డెక్కి, తొట్టి మీది రేకులు ఊడదీస్తున్నాడు. ఆ చప్పుడుకు వాళ్ల నాయన లోపలినుంచి పరుగున వచ్చాడు.

"ఒరేయ్, ఏం పనిరా అది! ఎండ పడితే రంగు పోతాదిరా!"

"పోనీ నాయనా!" పైనుంచి గొంతెత్తి అరిచాడు ఓబులేసు. "పోనీ!"