నోట్లో సున్నుండ

యేసుపాదానికి కొన్నాళ్ళుగా అన్నం సయించడం లేదు. ఎంతో ఆశపడి చేసిన పరీక్ష ఎదురుతిరిగింది.

అతను పశువైద్య కళాశాలలో కృత్రిమ రక్తం మీద పరిశోధన చేస్తున్నాడు. దాతల కోసం వెతుక్కోకుండా, సీసాలో నిలవ ఉంచుకుని, ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఎవరికైనా ఎక్కించగలిగే రక్తం. చూడటానికి ఎర్రటి నీరే గానీ, అందులో ఉన్నవన్నీ కంటికి ఆనని గుళికలు. సరదాకి పట్టుకున్న పని కాదది. కాన్పులో వాళ్ళక్కకి రక్తం దొరికేసరికి ఆలస్యమైపోయింది.

కాలేయంలో కాపలా కణాలు కొన్ని ఉంటాయి. రక్తంలో కొట్టుకొచ్చే క్రిమినైనా, నలుసునైనా పట్టుకుని మింగేయడం వాటి పని. యేసుపాదం ఎలుకలకి ఆ కృత్రిమ రక్తం ఎక్కించి, మర్నాడు సిరా నలుసులు ఎక్కించి చూశాడు. ఆ కణాలు సిరాని మింగి నల్లబడాలి. ముట్టుకోనైనా లేదు.

గురువుగారు పేరిందేవి రిటైర్మెంటుకి దగ్గరపడిన మనిషి. ఉపన్యాసం ఇవ్వమంటే తప్పించుకు తిరుగుతారు గానీ, శిష్యుల ఆకలి మాత్రం ఇట్టే కనిపెడతారు. యేసుపాదం ఆవిడ గదికి వెళ్ళి, కూర్చోకుండానే అంతా చెప్పేశాడు. ఈ రక్తం కాపలా కణాల్ని చంపేస్తోందనీ, ఇక పని మానేసి ఊరెళ్ళి ఏ ట్యుటోరియల్లోనో పాఠాలు చెప్పుకుంటాననీ అన్నాడు.

ఆవిడ ఓపిగ్గా విని, డబ్బా మూత తీసి, పెద్ద సున్నుండ ఒకటి అతని చేతిలో పెట్టారు.

"ముందిది తిను. మొత్తం ఒకేసారి వేసుకో."

గురువు మాట కాదనలేక వేసుకున్నాడు.

"మీదే ఊరయ్యా?" అన్నారావిడ.

సున్నుండ అంగిటికి అతుక్కుపోయింది. పిండి రాలిందే గానీ మాట రాలేదు. ఆవిడ మళ్ళీ అడిగారు. అతను తెల్లమొహం వేశాడు.

ఆవిడ ఎవరూ లేని తలుపు వైపు తిరిగి, "పాపం, కుర్రాడికి మాట పడిపోయింది," అన్నారు నింపాదిగా.

యేసుపాదం ఉక్రోషంగా నమిలి, గ్లాసుడు నీళ్ళు గడగడా తాగాడు. "కొత్తూరండీ," అని, అక్కడే ఆగిపోయాడు. ఖాళీ గ్లాసు చేతిలో ఉందన్న సంగతి కూడా మరిచి లాబ్‌కి పరుగెత్తాడు.

ఈసారి రక్తం ఎక్కించాక మర్నాడే తొందరపడలేదు. కణాలు నోటినిండా మింగిన ఆ గుళికలు అరిగేదాకా వారం గడవనిచ్చి, అప్పుడు సిరా నలుసులు ఇచ్చాడు. ఆ వారం ఎలా గడిచిందో అతనికే తెలియాలి. మైక్రోస్కోపులో కణాలు కాటుక పూసినట్టు నల్లగా కనిపించాయి. యేసుపాదం వాళ్ళక్కని తలుచుకుని కళ్ళు తుడుచుకున్నాడు. గుండెల మీంచి బండ దించినట్టయింది. ఆ పూట కడుపునిండా అన్నం తిన్నాడు.

తర్వాత గ్లాసు తిరిగివ్వడానికి వెళ్ళి, కణాలు నల్లబడ్డాయని చెప్పాడు. ఆవిడ డబ్బా అతని వైపు తోశారు.

అతను సున్నుండ తీసి, రెండుగా విరిచి, ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు.

"అదేం, సగమే?"

"మధ్యలో మీరేదైనా అడిగితే జవాబు చెప్పాలి కదండీ," అన్నాడు యేసుపాదం. మాట స్పష్టంగానే వచ్చింది.