ఆకంటే ఏ ఆకు?

అనగనగా ఒక కొండ. ఆ కొండకు అటు ఒక అడవి, ఇటు ఒక అడవి. మబ్బులన్నీ అటువైపే కురిసి ఖాళీ అయిపోయేవి. అందుకే అటువైపు అడవిని పచ్చకోన అనేవారు. ఇటువైపు రేగుకంపలూ తుమ్మచెట్లూ తప్ప మరేమీ లేవు. దీని పేరు ముళ్ళడవి.

ముళ్ళడవిలో చెంగమ్మ అనే కుందేలు ఉండేది. ఆమెకు ఇద్దరు పిల్లలు. పెద్దవాడు పోయిన ఎండాకాలంలో ఊపిరి జ్వరం వచ్చి చనిపోయాడు. ఇప్పుడు చిన్నది, దూది, అదే జ్వరంతో మూలుగుతోంది. చెంగమ్మ గుండె ఎలా కొట్టుకుంటుందో మీరే చెప్పండి పిల్లలూ!

మందు లేక కాదు. పచ్చకోన వాళ్ళు మంచివాళ్ళే. ఏటా ఎండలు ముదరకముందే కొంగతో సొరబుర్ర నిండా మందు పంపేవారు. మందుతో పాటు పాఠం కూడా పంపేవారు. ముళ్ళడవి బడిలో కౌజుపిట్ట పంతులు దాన్ని పిల్లల చేత రాగం తీయించి మరీ వల్లె వేయించేవాడు.

"ఆకు నిండా మందు పూయవలెను! ఆకును రొమ్మున కట్టవలెను! ఒక్క ఆకు చాలును!"

చెంగమ్మ అక్షరం పొల్లు పోకుండా అలాగే చేసింది. రేగాకు కోసి, దాని నిండా మందు పూసి, దూది రొమ్మున కట్టింది. రేగాకు ఎంతుంటుంది? మీ బొటనవేలి గోరుకన్నా కాస్త పెద్దది, అంతే. అది దూది రొమ్ము మీద బొట్టుబిళ్ళలా అతుక్కుంది. జ్వరం మాత్రం పిసరంతైనా తగ్గలేదు.

చెంగమ్మ పరుగున బడికి వెళ్ళింది.

"పంతులుగారూ, పచ్చకోనలో ఈ మందుతోనే పిల్లలు లేచి తిరుగుతున్నారట. మన పిల్లలకెందుకు పనిచేయదండీ?" అని అడిగింది.

పంతులు రెక్కలు దులుపుకున్నాడు. "పాఠంలో ఉన్నది చెప్పాను. లేనిది నేనెక్కడ తెచ్చేది?" అన్నాడు.

"పోనీ, వాళ్ళనే అడుగుదామండీ."

"అమ్మో! అడిగితే మనకేమీ తెలియదనుకోరూ? అడవి పరువు ఏం కావాలి?"

పాపం, పంతులు చెడ్డవాడు కాదు. ఆయన ఇంట్లోనూ ఒక పిల్ల జ్వరంతో పడుకుని ఉంది. అయినా అడగడానికి సిగ్గు.

చెంగమ్మ మందు తెచ్చిన కొంగ దగ్గరికి వెళ్ళింది. "కొంగమ్మా, ఈ మందు సంగతి నీకేమైనా తెలుసా?" అని అడిగింది.

"నేను మోసేదాన్నే తల్లీ. ఏది ఎందుకో నాకేం తెలుసు? చేసేది ఎలుగుబంటి వైద్యుడు. ఆ కొండ దిగగానే ఆయన బడి ఉంటుంది," అంది కొంగ.

చెంగమ్మ దూదిని పొరుగింటి ముళ్ళపందికి అప్పగించింది. "వదినా, నేను వచ్చేదాకా దీన్ని కనిపెట్టుకుని ఉండు," అని చెప్పి కొండెక్కింది. కొండ దిగేసరికి కాళ్ళు బొబ్బలెక్కాయి.

ఎలుగుబంటి వైద్యుడి బడి చూసి ఆమె నోరు తెరిచింది. అక్కడ ఎవరూ వల్లె వేయడం లేదు. ఒక ఉడుతపిల్ల లేచి, "తాతా, తేనె ఎందుకు పులవదు?" అంటోంది. ఒక దుప్పిపిల్ల, "నువ్వు నిన్న చెప్పింది తప్పు తాతా, నేను చేసి చూశాను," అంటోంది. తాతకు కోపం రాలేదు. పైగా ముసిముసిగా నవ్వుతున్నాడు!

'ఇక్కడ పిల్లలే అడుగుతుంటే నాకేం సిగ్గు?' అనుకుంది చెంగమ్మ. గుండె దిటవు చేసుకుని ముందుకు వెళ్ళింది.

"అయ్యా, నాది ముళ్ళడవి. మీ మందు నా బిడ్డకు పనిచేయలేదు. ఎందుకో చెప్పండి."

"పనిచేయలేదా? నువ్వెలా కట్టావమ్మా?"

"మీ పాఠంలో ఉన్నట్టే. ఆకు నిండా పూసి కట్టాను."

"ఏ ఆకు?"

"ఆకంటే ఆకే కదండీ, రేగాకు."

వైద్యుడు ఆ పేరు ఎన్నడూ వినలేదు. చెంగమ్మ కాలి గోటితో నేల మీద దాని బొమ్మ గీసింది. అది చూడగానే వైద్యుడు చతికిలబడ్డాడు. చేయి చాచి పక్కనున్న చెట్టు ఆకు ఒకటి తుంచి ఆమె ముందు పరిచాడు. అది టేకాకు. చెంగమ్మ దాని మీద పడుకుంటే చెవులు కూడా లోపలే ఉంటాయి!

"మాకు ఆకంటే ఇదే తల్లీ. మీకు వేరే ఆకు ఉంటుందని నాకు తోచనే లేదు," అన్నాడు.

చెంగమ్మకు పెద్దవాడు గుర్తుకొచ్చాడు. వాడికీ రేగాకే కట్టింది. అందరి ముందూ వలవలా ఏడ్చింది. తప్పు తనదేనని వైద్యుడికి తెలుసు. వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.

కాసేపటికి ఆయన ఒక పెద్ద టేకాకు తెచ్చి, "ఇది పట్టుకుని వెంటనే వెళ్ళు తల్లీ. ఆలస్యం చేయకు," అన్నాడు.

కాళ్ళు పరిగెత్తమంటున్నాయి. బిడ్డ ఎలా ఉందో! అయినా చెంగమ్మ ఆగింది. "ఇంత పెద్ద ఆకు ఎందుకండీ? అది కూడా చెప్పండి," అంది.

"జ్వరం రెండు ఊపిరితిత్తుల్లోనూ ఉంటుంది. రొమ్మంతా ఇటు చంక నుంచి అటు చంక దాకా మందు తగలాలి. ఆ మందును పట్టి ఉంచడానికే ఆకు," అన్నాడు వైద్యుడు.

ఆ మాట మనసులో మూట కట్టుకుని చెంగమ్మ కొండెక్కింది. కొండ దాటగానే ముళ్ళడవి వడగాలి ఎదురొచ్చింది. పచ్చని టేకాకు ముందు వాడింది, తర్వాత ఎండింది. ఇల్లు చేరేసరికి పెళపెళ విరిగి పొడి అయిపోయింది.

ముళ్ళపంది నెత్తి కొట్టుకుంది. "అయ్యో వదినా, ఆకు పోయింది! ఇక దిక్కేమిటి?"

"ఆకు పోతే పోయింది. ఎందుకో తెలిసిందిగా!" అంది చెంగమ్మ. గబగబా రేగాకులు కోసింది. రేగుముళ్ళనే పుల్లలుగా గుచ్చి, విస్తరి కుట్టినట్టు ఆకుకు ఆకు కలిపి కుట్టింది. ఇటు చంక నుంచి అటు చంక దాకా సరిపోయేలా కుట్టి, దాని నిండా మందు పూసి, దూదికి చుట్టింది.

మర్నాడు పొద్దెక్కేసరికి దూది కళ్ళు తెరిచి, "అమ్మా, ఆకలి," అంది. చెంగమ్మ బిడ్డను కరుచుకుని ఏడుస్తూనే నవ్వింది.

ఈ సంగతి తెలిసి కౌజుపిట్ట పంతులు వచ్చాడు. లోపలికి రాక గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. చివరికి, "అంత వెడల్పు ఎందుకు చెంగమ్మా?" అని అడిగాడు. పంతులు ఒకరిని అడగడం అదే మొదటిసారి. చెంగమ్మ చెప్పింది. ఆయన పిల్ల కూడా బతికింది. ఆ ఎండాకాలం ముళ్ళడవిలో ఏ తల్లీ బిడ్డను పోగొట్టుకోలేదు.

దూది బడికి వెళ్ళిన మొదటి రోజునే లేచి నిలబడింది. "పంతులుగారూ, ఈ జ్వరం అసలు ఎండాకాలంలోనే ఎందుకొస్తుంది?"

బడి అంతా బిక్కచచ్చిపోయింది. అది పాఠంలో లేదు మరి!

పంతులు లేచి నిలబడ్డాడు.

"నాకూ తెలియదమ్మా. పచ్చకోన వాళ్ళకైనా తెలుసో లేదో. పదండి, బయటికెళ్ళి వెతుకుదాం," అన్నాడు.

పిల్లలందరూ బిలబిలమంటూ ఆయన వెంట అడవిలోకి పరిగెత్తారు.

నీతి: తెలియనిది అడగడానికి సిగ్గుపడకూడదు. నేర్పేవారు కూడా ఎదుటివారి నేల ఎలాంటిదో ముందు అడిగి తెలుసుకోవాలి.