నక్క మొలతాడుకు తాళాలు

ఆ దొడ్డిలో సిగ్నలు అందే చోటు గడ్డివాము ఒక్కటే. అందుకే పింగళమ్మ అనే కోడిపెట్ట పొద్దున్నే వామెక్కి, ఫోను ముందేసుకుని కూర్చునేది. తొమ్మిది పిల్లల తల్లి! నూకలు తెప్పించాలన్నా, గూటి తలుపు తెరవాలన్నా ఫోనే దిక్కు. ఆ తలుపుకో రహస్యపు మాట ఉంది. అది నక్క చెవిన పడిందా, తొమ్మిది పిల్లలూ ఒక్క పూటలో ఖాళీ.

ఫోనులో బ్రౌజరు పెట్టించింది ఎర్రెద్దు కోటయ్య. అదీ ఆయనలాగే నిదానం. వారానికోసారి అప్‌డేట్ అంటూ ఆగేది, అనుమానమొస్తే "ఈ సైటులోకి వెళ్లొద్దు" అని దారికడ్డం పడుకునేది. పింగళమ్మకు ఒళ్లు మండిపోయేది.

"అడ్డం చెప్పేది నీ మీద కోపంతో కాదమ్మాయ్," అనేవాడు కోటయ్య నెమరేస్తూ.

ఒక మధ్యాహ్నం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వాము పక్కనున్న కంచె దగ్గరికొచ్చాడు నక్క జంబుకేశం.

"ఇంకా ఆ ముసలి బ్రౌజరేనా అక్కా? నా 'గాలిపరుగు' పెట్టుకో. ఆపడం లేదు, అడగడం లేదు. రెప్ప వేసేలోగా పేజీ వచ్చి వాలుతుంది. రహస్యపు మాటలన్నీ అదే గుర్తుపెట్టుకుంటుంది!"

పింగళమ్మ మనసు లాగేసింది. "మరి భద్రమేనా తమ్ముడూ?"

"ఇదిగో, నా ఫోనులో పైన తాళం బొమ్మ కనబడ్డంలా?"

"కనబడుతోంది. తాళం ఎవరి దగ్గరుంటుంది?"

ఆ ఊళ్లో తాళంకప్పనూ తాళమనే అంటారు, తాళంచెవినీ తాళమనే అంటారు. ఆమె ఏదో మాటవరసకే అడిగింది. గొప్పలకు పోయిన నక్క నోరు జారాడు.

"పోతుందని బెంగే వద్దక్కా! బాతుదీ, మేకదీ, అందరి తాళాలూ నా మొలతాడుకే ఉంటాయి."

పింగళమ్మ మెడ మీది ఈకలు నిక్కబొడుచుకున్నాయి. అయినా నవ్వు మొహం మార్చలేదు.

"అయితే ముందు నీ ఫోనులోనే చూస్తా, ఇటివ్వు నాయనా."

అందులో ముక్కుతో టకటకా కొట్టింది: 'మా గూటికి పాక వెనక రెండో తలుపు. మాట: బొమిక.'

జంబుకేశం ఫోను లాక్కుని, పనుందంటూ పాక వెనక్కి చుట్టు తిరిగి పరుగెత్తాడు. రెండో తలుపు ముందు నిలబడి, పెదాలు నాక్కుంటూ తీయగా అన్నాడు: "బొమిక!"

తలుపు తెరుచుకుంది. లోపల వీరాసామి అనే వేటకుక్క ఒళ్లు విరుచుకుంటూ లేచింది.

"బొమిక తెచ్చావా, నువ్వే బొమికవా?"

ఆ మాటతో నక్క కాళ్లకు బుద్ధి చెప్పాడు. ఇస్త్రీ చొక్కా సగం కుక్క నోట్లో, సగం కంచె మీద ఉండిపోయింది. మొలతాడు తెగింది. తాళాల గుత్తి, ఫోను పేడకుప్పలో పడ్డాయి. బాతు, మేక పరుగున వచ్చి ఎవరి తాళం వాళ్లు ఏరుకుని, ఆ పూటే తమ రహస్యపు మాటలు మార్చేసుకున్నాయి. పింగళమ్మకు నవ్వీ నవ్వీ ఎక్కిళ్లొచ్చాయి. తొమ్మిది పిల్లలూ అమ్మ ఎందుకు నవ్వుతోందో తెలియకుండానే కిచకిచలాడాయి.

బ్రౌజరు మీద తాళం బొమ్మ ఉందా అని కాదు, దాని తాళంచెవి ఎవరి మొలలో ఉందో చూసుకోవాలి.