గున్నయ్య పంపిన కోతి ముక్కు

పిల్లలూ, ఫోన్లో ఈ తాత గొంతు వినపడతందా? అయితే ఇనండి. అనగనగా ఒక అడవి, ఆ అడవిలో గున్నయ్య అని ఒక ఏనుగు. రోజూ వాగు కాడ తొండంతో నీళ్ళు పీల్చి, పిల్ల జంతువుల మీద బుస్సున చిమ్మేవాడు. కేకలే కేకలు!

ఒకనాడు గున్నయ్యకి దగ్గు పట్టుకుంది. ముక్కు కారతంది. వైద్యం చేసే కొంగమ్మ ఒక దూదిపుల్ల ఇచ్చింది.

"ఇది ముక్కులో తిప్పి, ఆకులో చుట్టి పంపు. జబ్బుంటే ఆకు మీద ఎర్రగీత లేస్తది. దగ్గు తుంపర్లలో కంటికి కనపడని వైరస్ ఉంటది నాయనా. తేలేదాకా వాగు కాడికి రామాకు" అంది.

మీ నాయనమ్మ కూడా "ఉత్త దగ్గేలే" అని నవ్వేసింది, ఆ దగ్గే నాకూ అంటి ఇట్టా ఫోన్లో చెప్పాల్సొచ్చింది... సరే, కథలోకి పోదాం.

గున్నయ్యకి పుల్లంటే వణుకు. "ఇంత పొడుగు ముక్కులో పుల్లా! నా వల్ల కాదు" అనుకున్నాడు. చిట్టెన్న అనే కోతిని పిలిచాడు.

"ఒరే, నీ ముక్కులో తిప్పియ్యరా. అరటిగెల పెడతా."

"గెలంటే రెండు ముక్కులూ ఇస్తా మావా!" అన్నాడు చిట్టెన్న.

ఆ పుల్లనే తనదని చెప్పి, ఆకులో చుట్టి పంపాడు గున్నయ్య. ఆకు మీద గీత రాలేదు. "జబ్బు లేదు, పో" అంది కొంగమ్మ. గున్నయ్య వాగు కాడికి పోయి, దగ్గుతానే నీళ్ళు చిమ్మాడు.

రెండు రోజులకి కుందేలు పిల్లలు తుమ్మాయి. మర్నాడు ఉడత పిల్లలు మూలిగాయి. ఆ మర్నాడు లేడి పిల్లకి ఊపిరాడలా.

తల్లి లేడి ఏడుస్తా వచ్చింది. "అన్నా, నీకు జబ్బు లేదంట గదా. నా బిడ్డ కాడ కాసేపు కూర్చో. కొంగమ్మని పిలుచుకొస్తా."

గున్నయ్య రెండడుగులు ఎనక్కేశాడు.

"నేను రాకూడదమ్మా. పంపింది నా ముక్కు కాదు, కోతి ముక్కు! నీ బిడ్డకి అంటించింది నేనే. నేనిక్కణ్ణించే కేకేసి పిలుస్తా."

అడవి అదిరేట్టు ఘీంకరించాడు. కొంగమ్మ ఎగిరొచ్చింది. బిడ్డకి మందిచ్చింది. తర్వాత గున్నయ్య ముక్కులో తనే పుల్ల తిప్పింది. హాచ్! కొంగమ్మ పోయి పొదలో పడింది.

"నొప్పేసిందేంట్రా?" అంది రెక్కలు దులుపుకుంటా.

"లేదమ్మా... చక్కిలిగిలి."

ఎర్రగీత తేలింది. ఏడు రోజులు ఎడంగా ఉండమంది. గున్నయ్య కొండవతలికి పోయి, పొద్దున్నే అరిచేవాడు: "లేడి పిల్ల లేచిందా?"

అయిదో రోజు సన్న గొంతు పలికింది. "లేచా మావా! ఇటు రా!"

గున్నయ్యకి కళ్ళ నీళ్ళు తిరిగాయి. "రానమ్మా! ఇంకా రెండ్రోజులుంది!"

నీతి: దగ్గొస్తే దాచమాకండి. మన ముక్కు మనమే చూపించుకోవాలి, నయమయ్యేదాకా ఎడంగా ఉండాలి.