మసక ఎక్కడుంది?

ఒకానొక సంస్థానంలో, కొండగెడ్డ దాని పేరు, రాజా నీలకంఠ భూపతిగారికి ఒక ఇంగ్లీషు మాట మహా నచ్చింది. అది ‘అబ్‌స్క్యూర్’.

పూర్వం దివానుగారు అర్జీలు చదివి వినిపించేవారు. రాజావారు మూడో పెళ్లి చేసుకున్నాక ఆ పద్ధతి మారింది. ప్రతి అర్జీనీ తామే అందుకుని, చెయ్యి చాచి దూరంగా పట్టుకుని, కనుబొమలు ముడిచి, “అబ్‌స్క్యూర్!” అని తిప్పికొట్టేవారు. సభ ఆ పాండిత్యానికి తలలు ఊపేది. రాజులకు తెలియనిదంటూ ఉండదు కదా. ఉంటే అది అవతలివాళ్ల తప్పు.

అలా తిరిగొచ్చిన అర్జీల్లో మంత్రసాని సన్యాసమ్మది మూడుసార్లు వచ్చింది. పాడుబడిన ఏనుగుల సాలను పురిటిల్లుగా ఇప్పించమని ఆమె అడిగింది. కిందటి వానల్లో కారే పాకల్లో కాన్పై ఇద్దరు తల్లులు పోయారు. ఈ వానలకు ఏడుగురు నెలలు నిండి ఉన్నారు.

ఆమె ఇంగ్లీషు పంతులు సోమయాజులు దగ్గరకు వెళ్లింది.

“పంతులుగారూ, ఆ మాటకు అర్థమేమిటి?”

“స్పష్టంగా లేనిదని, సన్యాసమ్మా. చీకట్లో ఆనవాలు తెలియని దానికి వాడతారు. చదివినా బోధపడని దానికి వాడతారు. ఎవరికీ తెలియని మనిషికి కూడా వాడతారు.”

“ఆ మూడోదాన్ని నేనే. మరి నా అర్జీ ఏ రకం?”

“ఏ రకమూ కాదు. రాసింది నేను. అక్షరాలు అచ్చుగుద్దినట్టున్నాయి.”

రాజావారు అర్జీ పట్టుకునే తీరు సన్యాసమ్మకు గుర్తొచ్చింది. చెయ్యి చాచి పట్టుకోవడం ఆమెకు తెలిసిన వ్యవహారమే. పంతులుకు దణ్ణం పెట్టి ఒక తెల్ల కాగితం అడిగి తీసుకుంది.

మర్నాడు సభలో ఆ కాగితం రాజావారి చేతికి అందింది. ఆయన యథాప్రకారం దూరంగా పట్టుకున్నారు.

“అబ్‌స్క్యూర్!”

“ఎక్కడ బాబూ? మొదటి వరుసలోనా, చివరి వరుసలోనా?”

రాజావారు గొంతు సవరించుకున్నారు. “మొదటి వరుస కొంత నయం. చివరిది మరీ అన్యాయం.”

సన్యాసమ్మ సింహాసనం దగ్గరగా వెళ్లింది. బంట్రోతు అడ్డం రాబోతే, “ఈ బాబును మొదట ఎత్తుకున్నది నేనే, పక్కకు జరుగు” అంది. కాగితం తీసుకుని మడిచి బొడ్లో దోపుకుని, ఆయనకు మాత్రమే వినిపించేలా అంది:

“అందులో నేనేమీ రాయించలేదు బాబూ.”

రాజావారి ముఖం పాలిపోయింది. “ఎవరికైనా చెప్పావంటే...”

“నేను మంత్రసానిని. ఎందరి గుట్టో నా దగ్గరుంది. అందులో ఇదొకటి.” కొంగు ముడి విప్పి, ఒక పక్క కాడ విరిగితే దారం కట్టుకున్న కళ్లజోడు తీసింది. “నలభై దాటగానే బొడ్డుకు కట్టే దారం నాకూ కనపడలేదు. ఇది పెట్టుకున్నాను. ఏ ఒక్కరూ నన్ను ముసలిదాన్ని అనలేదు. బిడ్డ బాగుందా అని అడిగారు, అంతే.”

“చిన్న రాణిగారు నవ్వితే?”

“నవ్వనివ్వండి. ఆవిడ ముఖం మీకు కనిపిస్తుంది.”

రాజావారు ఆ జోడు పెట్టుకున్నారు. సన్యాసమ్మ అసలు అర్జీ చేతికిచ్చింది. ఆయన మొదటి వరుస చదివారు. తర్వాత గొంతు పెంచి చివరి వరుస దాకా చదివారు. చనిపోయిన ఇద్దరి పేర్ల దగ్గర ఆగి, మళ్లీ చదివారు.

ఆపైన చెవికి వేలాడుతున్న దారాన్ని లాగి చూసుకుని పకపకా నవ్వారు. “సభవారు వినండి! ఇన్నాళ్లూ మసక అర్జీల్లో లేదు, మా కళ్లల్లో ఉంది. తిప్పి పంపినవన్నీ రేపటి నుంచి మళ్లీ తెప్పించండి. ఏనుగుల సాల ఈ పూటే సన్యాసమ్మకు అప్పగించండి.” ఆమె వైపు తిరిగి చేతులు జోడించారు. “నా పరువు కాపాడావు, అమ్మా. నీకు రుణపడ్డాను.”

బహుమానంగా పట్టు శాలువా తెప్పిస్తే ఆమె తడిమి చూసి పెదవి విరిచింది.

“జరీ గరుగ్గా ఉంది బాబూ, పసికందుల ఒంటికి గుచ్చుకుంటుంది. తమరు కట్టి విడిచిన పాత పంచెలుంటే ఇప్పించండి. పొత్తిగుడ్డలకు హాయిగా ఉంటాయి.”

రాజావారు మళ్లీ నవ్వి రెండు పెట్టెలు పంపారు.

ఆ సాయంత్రం సన్యాసమ్మ పంతులు ఇంటి మీదుగా వెళుతూ, “మీ మాట పుణ్యమా అని గూడు దొరికింది, చల్లగా ఉండండి” అంది. వారానికి వానలు పట్టుకున్నాయి. ఆ కార్తెలో ఏడుగురికి ఏడుగురూ పురుడు పోసుకుని, బిడ్డల్ని ఎత్తుకుని తమ కాళ్ల మీద తామే ఇంటికి నడిచి వెళ్లారు.